లక్కపిడతలు: పెట్టె మీద ఎవరి ఫోటో లేని వంటసెట్టు

బొమ్మల కొట్లో మొదట వినబడే ప్రశ్న "బాబుకా, పాపకా?" వయసు సంగతి తర్వాత అడుగుతారు. లక్కపిడతలు చేతిలోకి తీసుకుంటే ఆ మొదటి ప్రశ్న కూడా ఉండదు. పాపకే అని కొట్టువాడు తేల్చేసుకుంటాడు. ఏటికొప్పాక వంటసెట్టు గట్టిదా, పిల్లలకి ప్రమాదం లేనిదా అన్నవి ఈ సమీక్షలో ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు కొట్టువాడి తీర్మానాన్ని కూడా పరీక్షకి పెట్టాలి. ఆడపని ఏది, మగపని ఏది అని పిల్లలు లెక్కలు కట్టుకునే వయసు సరిగ్గా మూడు నుంచి ఏడేళ్లు. ఈ పిడతలు ఆడేదీ ఆ వయసులోనే.

ముందు వస్తువు. అనకాపల్లి జిల్లాలో యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. అంకుడు కర్రని బాగా ఆరనిచ్చి, లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. కర్ర ఇంకా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పడతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బ్రష్షుతో పూసే పెయింటు ఇందులో లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసే సహజ రంగుల్ని ఈ పనిలో మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017 నుంచి ఉంది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా వీటిదే.

సెట్టులో ఎన్ని ముక్కలన్నది కొట్టుని బట్టి మారుతుంది. పొయ్యి, మూతలున్న గిన్నెలు రెండు మూడు, గరిటె, బిందె, చెంబు, గ్లాసులు, పళ్లెం, రోలు రోకలి, తిరగలి, చపాతీ పీట, కర్ర చాలావాటిలో ఉంటాయి. కొన్నిట్లో ఈమధ్య గ్యాస్ పొయ్యి, సిలిండరు కూడా చేరాయి. తిరగలి, రోలు ఇప్పటి పిల్లలకి ఇంట్లో కనబడనివి కాబట్టి వాటితో ఏం చెయ్యాలో ఎవరో ఒకరు చూపించాలి. ఎవరు చూపిస్తారన్న దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది.

సెట్టు బలం ఇదీ అని ఒక్కటే చెప్పమంటే, దానికి పెట్టె లేకపోవడం. ఉన్నా అట్టపెట్టే, లేదంటే తాటాకు బుట్ట. దాని మీద గులాబీ గౌను వేసుకుని నవ్వుతున్న అమ్మాయి ఫోటో ఉండదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు.

పిల్లలకి రెండేళ్లు నిండేలోపే ఎదుటివాళ్లలో ఆడ, మగ తేడా తెలుస్తుంది. రెండున్నర, మూడేళ్లకి "నేను అబ్బాయిని", "నేను అమ్మాయిని" అని చెప్పగలుగుతారు. అయితే అది జీవితాంతం ఉండేదన్న ఎరుక అప్పటికి రాదు. జడ వేస్తే అబ్బాయి అమ్మాయైపోతాడేమో అన్న అనుమానం మూడేళ్ల బుర్రలో నిజంగానే ఉంటుంది. పెద్దయినా తాను ఇదే అన్నది నాలుగేళ్ల ప్రాంతంలో కుదురుకుంటుంది. బట్టలు, జుట్టు, ఆట మారినా తాను మారనన్న నమ్మకం ఆరేడేళ్లకి గానీ గట్టిపడదు. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో చెప్పిన మెట్లు ఇవే. వయసుల దగ్గర తర్వాతివాళ్లు సవరణలు చేశారు గానీ వరుస మాత్రం నిలబడింది.

ఈ మెట్ల నడుమ వయసులో పిల్లలు పోలీసుల్లా తయారవుతారు. తాను ఎవరో తెలిసింది, అది చెదరదన్న ధీమా మాత్రం ఇంకా రాలేదు. అందుకని ఆనవాళ్లని గట్టిగా పట్టుకుంటారు. "అది అమ్మాయిలది", "అబ్బాయిలు ఏడవరు" లాంటి తీర్పులు నాలుగైదేళ్ల వాళ్ల నోటనే ఎక్కువగా వినబడతాయి. అమ్మానాన్నలు ఎన్నడూ అనని మాటలు కూడా అంటారు. ఎక్కడ నేర్చారని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. సీరియల్, బడి సంచీ మీది బొమ్మ, పెళ్లిలో వడ్డించేది ఎవరు, ముందు కూర్చునేది ఎవరు అన్నవి చూసి వాళ్లే పోగేసుకుంటారు. ఏడెనిమిదేళ్లకి చాలామందిలో ఈ పట్టు కొంత సడలుతుంది.

ఇలాంటి వయసులో పెట్టె మీది ఫోటో ఆజ్ఞలా పనిచేస్తుంది. 1995లో క్యారల్ మార్టిన్, ఆమె సహచరులు పిల్లలకి బాగా నచ్చేలాంటి, అంతకుముందు చూడని బొమ్మలు చూపించి, ఇది అబ్బాయిలది, ఇది అమ్మాయిలది అని చెప్పి చూశారు. ఎంత అందమైన బొమ్మయినా "అవతలివాళ్లది" అన్న ముద్ర పడగానే పిల్లల ఆసక్తి తగ్గిపోయింది. బొమ్మ అదే. పైన పడ్డ మాటతోనే దాని విలువ మారింది.

రంగుదీ అదే దారి. లోబూ, డెలోష్ 2011లో ఏడు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లల ముందు రెండేసి వస్తువులు పెట్టి ఎంచుకోమన్నారు. రెండిట్లో ఒకటి ఎప్పుడూ గులాబీ రంగుదే. పసిపిల్లల్లో తేడా లేదు. రెండు, రెండున్నర ఏళ్ల నుంచి అమ్మాయిలు గులాబీ వైపు, అబ్బాయిలు దానికి దూరంగా జరగడం మొదలైంది. అంటే తామెవరో తెలిసే వయసులోనే రంగు కూడా అంటుకుంటోంది. మన కిరాణా కొట్లో కిండర్ జాయ్‌ని నీలం, గులాబీ అని రెండుగా అమ్మడం ఈ వయసుకి సరిగ్గా అందే పాఠం. లోపలి చాక్లెట్‌లో తేడా ఏమీ లేదు మరి.

లక్కపిడతలు ఈ గొడవ లోంచి చాలావరకు తప్పించుకున్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నారింజ, గోధుమ రంగుల పట్టీలు ఒకే గిన్నె మీద ఉంటాయి. ఏ ఒక్క రంగూ వస్తువుని ఒకవైపుకి లాగదు. ప్లాస్టిక్ వంటసెట్టులో ఎక్కువభాగం గులాబీ, వంగపండు రంగు. అబ్బాయికి అది ఇచ్చేటప్పుడు వంటతో పాటు గులాబీని కూడా దాటించాలి. అంటే రెండు గోడలు. లక్కపిడతలకి ఒక్క గోడే. దానికి కారణం వస్తువు కాదు, దాని చరిత్ర.

గుజ్జనగూళ్లు, అంటే ఉత్తుత్తి వంట ఆట, మనకి మొదటి నుంచీ ఆడపిల్లల ఆటే. పోతన భాగవతంలో రుక్మిణి చిన్నప్పటి ఆటల్లో బొమ్మల పెళ్లిళ్లు, గుజ్జనగూళ్లు ఉంటాయి. అదే భాష ఇంకోవైపు వంట బాగుంటే "నలభీమపాకం" అంటుంది. ఆ ఇద్దరూ మగవాళ్లే. పెళ్లివంటల మేస్త్రీ, హోటల్లో దోసె మాస్టరు, టిఫిన్ బండి దగ్గర గరిటె తిప్పేవాడు, వీళ్లలోనూ ఎక్కువమంది మగవాళ్లే. పిల్లవాడు చూసేది ఈ రెండూ. డబ్బు వచ్చే వంట మగవాళ్లది, రోజూ ఇంట్లో చేసే వంట ఆడవాళ్లది అని వాడి లెక్క తేలుతుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే అంకె చూస్తే వాడి లెక్క తప్పని అనలేం. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అదీ అసలు ఆ పని చేసే మగవాళ్లని మాత్రమే లెక్కేస్తే.

ఇక వాడే పద్ధతి. సెట్టంతా ఒకేసారి ముందు పొయ్యకండి. మూడేళ్ల పిల్లకైనా పిల్లాడికైనా మొదట ఐదు ముక్కలు చాలు: పొయ్యి, మూత ఉన్న గిన్నె, గరిటె, పళ్లెం, గ్లాసు. పదిహేను ముక్కలు ఒక్కసారిగా వస్తే వాటిని పేర్చడం, ఒలకబోయడంతోనే ఆట అయిపోతుంది, వంట దాకా రాదు. వారం తర్వాత రోలు, చెంబు చేర్చండి. వండడానికి నిజమైనవేవో కావాలి. మూడేళ్లు దాటి, నోట్లో పెట్టుకునే అలవాటు పోయినవాళ్లకి అటుకులు, మరమరాలు గుప్పెడు చాలు. శనగలు, వేరుశనగ గుళ్లు, బఠాణీలు వద్దు. ముక్కులోకి, గొంతులోకి పోయేవి అవే. నీళ్లు కూడా వద్దు, ఎందుకో కింద చెప్తాం.

పక్కన ఎవరు కూర్చోవాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో అబ్బాయి ఉంటే మొదటి నాలుగైదు సార్లు మగవాళ్లలో ఒకరు కూర్చుంటే మేలు. తండ్రి, తాత, బాబాయి, మేనమామ, ఎవరైనా సరే. 1980లో లాంగ్లువా, డౌన్స్ చేసిన పరిశీలనలో, అబ్బాయి అమ్మాయిల బొమ్మలతో ఆడుతుంటే తల్లుల కంటే తండ్రుల నుంచే ఎక్కువ అడ్డు వచ్చింది. చాలాసార్లు తిట్టక్కర్లేదు. నవ్వి, ఆ గిన్నె పక్కకి జరిపి, కారు చేతికిస్తే పని అయిపోతుంది. పిల్లాడికి అందే సందేశం తిట్టుకంటే గట్టిగా అందుతుంది. తండ్రి గరిటె పట్టుకుని "ఉప్పు సరిపోయిందా నాన్నా, చూసి చెప్పు" అని పళ్లెం ముందుకి జరిపితే అబ్బాయికి ఇంకే వివరణా అక్కర్లేదు. "అబ్బాయిలు కూడా వంట చేస్తారు తెలుసా" అని ఉపన్యాసం ఇవ్వడం మాత్రం చెడగొడుతుంది. ఆ "కూడా" అన్నమాటే వాడికి తెలియని తేడాని తెలియజెబుతుంది.

అమ్మాయికి ఇస్తే జాగ్రత్త వేరే వైపు. వంట ఆట ఆడితే తప్పేమీ లేదు. అది చాలా మంచి ఆట కూడా. వరుసగా ఏం చెయ్యాలో గుర్తుంచుకోవడం, ఎదుటివాళ్లకి ఏం కావాలో అడగడం, పంచడం అన్నీ అందులో ఉన్నాయి. ఇబ్బందల్లా ఇంట్లో ఉన్న ఏకైక బొమ్మల బుట్ట అదే కావడం. ఒక పుట్టినరోజుకి పిడతలు, ఇంకోదానికి ప్లాస్టిక్ వంటసెట్టు, సంక్రాంతికి మేకప్ సెట్టు, ఇలా వచ్చిపడుతుంటాయి. కట్టడం, తొయ్యడం, అమర్చడం నేర్పేవి బుట్టలో ఒక్కటీ ఉండవు. సుసాన్ లెవిన్ బృందం 2012లో చెప్పినదాన్ని బట్టి, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఇంట్లో పజిల్స్‌తో ఆడిన పిల్లలు నాలుగున్నర ఏళ్లకి ఆకారాల్ని బుర్రలో తిప్పి చూసే పనిలో మెరుగ్గా ఉన్నారు. కాబట్టి అమ్మాయికి పిడతలు కొంటే దాంతో పాటే చెక్క దిమ్మలో, పజిలో కొనండి. అబ్బాయికి లారీ ఇప్పటికే ఉంటుంది గనక పిడతలు కొనండి.

రెంటినీ కలిపితే ఆట చాలా బాగా సాగుతుంది. లారీ మీద పొయ్యి, గిన్నెలు ఎక్కిస్తే టిఫిన్ బండి తయారు. మాస్టరు ఒకరు, బిల్లు ఒకరు, తినేవాళ్లు ఒకరు, తర్వాత వంతు మార్చుకోవాలి. అబ్బాయిలు ఈ ఆటలోకి తేలిగ్గా వస్తారు. బండి దగ్గర వండేది మగవాళ్లని వాళ్లకి ముందే తెలుసు గనక. అయితే అక్కడే ఆగితే వాడి పాత లెక్కే ఇంకాస్త గట్టిపడుతుంది. పది రోజులు బండి నడిచాక "ఇవాళ బండికి సెలవు, ఇంట్లో అమ్మకి జ్వరం, అన్నం ఎవరు పెడతారు" అని కథ మార్చండి. ఇంటి వంటలోకి అబ్బాయి చేయి వచ్చేది అలాంటి కథలతోనే. గిన్నెలు తోమే వంతు కూడా కథలో ఉండాలి. వండినవాడు ఒకడు, తోమింది ఇంకోతె అయితే సగం ఆటే అయినట్టు.

ఆడేటప్పుడు మాటలు గమనిస్తే భలే సంగతులు దొరుకుతాయి. తెలుగులో పిల్లలు తమ గురించి చెప్పుకునేటప్పుడు ఆడా మగా తేడా లేదు. "వండాను", "తిన్నాను" ఇద్దరూ ఒకేలా అంటారు. హిందీలో అయితే తమ గురించి చెప్పుకునేటప్పుడు కూడా "ఖావూంగా, ఖావూంగీ" అని చాలాసార్లు తేల్చుకోవాలి. అంతమాత్రాన మన భాష అమాయకమేమీ కాదు. ఎదుటివాళ్ల గురించి చెప్పగానే "వచ్చాడు", "వచ్చింది" అని చీలిపోతుంది. అందులో "వచ్చింది" అమ్మకీ, ఆవుకీ, బస్సుకీ ఒకటే. చాలా ఇళ్లలో నాన్న "వచ్చారు", అమ్మ "వచ్చింది". పిడతల ముందు కూర్చున్న నాలుగేళ్ల పిల్ల కూడా "నాన్నగారు వచ్చారు, అమ్మ వడ్డిస్తుంది" అని ఆ గౌరవాన్ని తప్పకుండా దించేస్తుంది. ఆమెని సరిదిద్దక్కర్లేదు. పెద్దవాళ్లు అమ్మ బొమ్మకి కూడా "వచ్చారు" అని రెండుసార్లు అంటే చాలు. మంచి విషయం ఏమిటంటే మన ఇళ్లలో కూతుర్ని "నాన్నా", "ఏరా కన్నా" అని పిలవడం, కొడుకుని "నా తల్లే" అని ముద్దుచెయ్యడం ఎప్పటినుంచో ఉంది. భాషలోనే ఉన్న ఆ సడలింపు ఆటలో బాగా పనికొస్తుంది.

ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా చూడవచ్చినవాళ్ల దగ్గర. "ఆడపిల్లలా గరిటె పట్టుకుని కూర్చున్నావేంట్రా" అని అమ్మమ్మో, పక్కింటి పిన్నిగారో ఒక్కమాట అంటే వారం పాటు అబ్బాయి ఆ బుట్ట వైపు చూడడు. పెద్దావిడతో వాదనకి దిగితే పిల్లాడికి ఇది నిజంగానే పెద్ద తప్పన్న సంగతి అర్థమవుతుంది. అంతకంటే "మీకు కూడా కాఫీ పెట్టమంటారా అత్తయ్యా అని అడుగుతున్నాడు" అని ఆవిడనీ ఆటలోకి లాగడం మేలు. కాఫీ వద్దనే అమ్మమ్మ అరుదు. తోటిపిల్లలది ఇంకో గొడవ. మూడేళ్ల నుంచే పిల్లలు ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చేరి ఆడటం మొదలుపెడతారు. బడికి వెళ్లే వయసుకి అది బాగా ముదురుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినర్ మెకోబీ దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. అయిదారుగురు అబ్బాయిల మధ్య పిడతలు పెడితే ఎవరూ ముట్టకపోవచ్చు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు, అందులో అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో ఉన్నప్పుడు ఆట సాగుతుంది.

మొగ్గు మొత్తం మనమే నేర్పామనుకోవడమూ సరికాదు. అడ్రినల్ గ్రంథి లోపం వల్ల గర్భంలోనే పురుష హార్మోన్లు ఎక్కువగా అందిన ఆడపిల్లలు మిగతా అమ్మాయిల కంటే బండ్లు, దిమ్మల వైపు ఎక్కువ మొగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. కాబట్టి అబ్బాయి పిడతలు పక్కన పడేసి బండే కావాలంటే బలవంతం చెయ్యకండి. దారి తెరిచి ఉంచడం వరకే పెద్దల పని.

అటుపక్క ఇంకో భయం ఉంది. అబ్బాయి పిడతలతో ఆడితే "అలా" తయారవుతాడేమో అని. ఆడుకునే వస్తువు పిల్లల లింగ గుర్తింపుని తయారుచెయ్యదు, మార్చదు. పుట్టినప్పుడు చెప్పిన లింగం తనది కాదని కొందరు పిల్లలు చిన్నప్పటి నుంచే చెప్పడమూ ఉంది. అది బొమ్మల వల్ల వచ్చేది కాదు, బొమ్మలు దాచేస్తే పోయేదీ కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5లో కూడా, పిల్లల్లో ఈ వేదనని (జెండర్ డిస్ఫోరియా) నిర్ధారించడానికి ఎనిమిది లక్షణాల్లో కనీసం ఆరు, కనీసం ఆరు నెలల పాటు ఉండాలని, వాటితో పిల్లలు బాధపడుతుండాలో రోజువారీ బతుకులో ఇబ్బంది పడుతుండాలో అని ఉంది. బొమ్మల ఇష్టం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. పిల్లలు తమ గురించి తాము పదేపదే చెప్తూ, బాధపడుతూ ఉంటే పిల్లల మానసిక వైద్యుణ్ణి కలవాలి. గరిటె పట్టుకున్నాడని ఎవర్నీ కలవక్కర్లేదు.

పక్క అరలో ఉన్నవాటితో పోలిక క్లుప్తంగా. ప్లాస్టిక్ వంటసెట్టులో రంగు, పెట్టె మీది ఫోటో చిరాకు పెట్టినా ఒక మంచి ఉంది. కూరగాయల్ని రెండు ముక్కలుగా కోసి మళ్లీ అతికించుకోవచ్చు. నీళ్లలో ముంచి కడగొచ్చు. పిడతల్లో కొయ్యడం, కడగడం రెండూ లేవు, ఇది వాటి పెద్ద లోటు. పెట్టె చించేసి, కూరగాయలు మాత్రం పిడతల బుట్టలో కలిపేస్తే రెండిటి మేలూ దక్కుతుంది. డాక్టర్ సెట్టు ఇద్దరికీ బాగా నడుస్తుంది, కానీ పెట్టె మీద కోటు ఎవరికి వేశారో, పక్కన నర్సుగా ఎవర్ని నిలబెట్టారో చూసి కొనండి.

కొండపల్లి బొమ్మలు అందంలో వీటికి ఏమీ తీసిపోవు. కానీ తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. చింతగింజల మక్కుతో అతికించిన చేతులు, తలలు మూడేళ్ల చేతుల్లో నిలవవు. కొలువులో పెట్టి కథ చెప్పడానికి అవి సరి. ఆ కొలువులో దున్నేవాడు, తాటిచెట్టు ఎక్కేవాడు, బండి తోలేవాడు ఒకవైపు, దంచేది, చిలికేది, బిందె మోసేది ఇంకోవైపు ఉంటారు. సంక్రాంతికి ఆ వరుస చూపించి "ఇప్పుడు మనింట్లో నీళ్లు ఎవరు పడుతున్నారు?" అని అడగొచ్చు. బొమ్మలు పాత లోకాన్ని చూపిస్తున్నాయని పిల్లలకి భలే తొందరగా అర్థమవుతుంది.

బార్బీ 1959లో వచ్చింది. 1965కే వ్యోమగామి అయింది, 1973లో సర్జన్. ఉద్యోగాల బార్బీ కొంటే సరిపోతుందనుకునేవాళ్లకి 2014 నాటి ఒక చిన్న ప్రయోగం కాస్త చల్లనీళ్లు. నాలుగు నుంచి ఏడేళ్ల అమ్మాయిలు 37 మందిలో కొందరికి ఫ్యాషన్ బార్బీ, కొందరికి డాక్టర్ బార్బీ, కొందరికి బంగాళదుంప ఆకారపు బొమ్మ ఇచ్చి ఐదు నిమిషాలు ఆడనిచ్చారు. తర్వాత పది ఉద్యోగాలు చూపించి నువ్వు చెయ్యగలిగినవేవి, అబ్బాయిలు చెయ్యగలిగినవేవి అని అడిగారు. బార్బీతో ఆడినవాళ్లు అబ్బాయిలకి ఎక్కువ, తమకి తక్కువ చెప్పారు. తెల్లకోటు వేసినా తేడా రాలేదు. 37 మందే కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కోటు మారిస్తే బొమ్మ మారదన్న సందేహం మాత్రం న్యాయమైనదే. లెగోలో ఫ్రెండ్స్ అని అమ్మాయిల కోసం 2012లో వేరే వరుస తెచ్చారు. డబ్బు పెట్టదలుచుకుంటే పాత్రలేవీ లేని మామూలు దిమ్మల డబ్బా కొనండి, ఇద్దరికీ సరిపోతుంది.

మళ్లీ పిడతల దగ్గరికి, కొనడం దగ్గరికి. దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్లు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి లక్కపిడతల మీద ఆ గుర్తు లేకపోతే దొంగ సరుకని కాదు. పరీక్షించే పని కొనేవాళ్ల మీద పడిందని అర్థం. మూడేళ్ల లోపు పిల్లలుంటే, 31.7 మిల్లీమీటర్ల అడ్డం ఉన్న గొట్టంలో పూర్తిగా దిగిపోయే ముక్క ఏదైనా ప్రమాదమే. ఇంట్లో గొట్టం ఉండదు గనక లీటరు మంచినీళ్ల సీసా మూతతో పోల్చండి. దాదాపు 3 సెంటీమీటర్లు, అంటే గొట్టం కంటే కాస్త తక్కువే ఉంటుంది. దానికంటే బాగా పెద్దవి కాని మూతలు, గ్లాసులు, రోకలి బండలు పక్కన పెట్టి, మూడేళ్లు నిండాక ఇవ్వండి. గరిటె కాడ సన్నగా, మొన తేలి ఉంటే ఆ సెట్టు వద్దు.

అంచుల మీద వేలు నడపండి. లక్క పెచ్చులు లేచి ఉంటే కర్ర సరిగ్గా ఆరకుండా పని చేశారన్నమాట, ఇంటికెళ్లాక ఇంకా ఊడుతుంది. గిన్నె అడుగున సన్నటి పగులు ఉందేమో వెలుతురులో చూడండి. వాసన చూడండి. ఘాటైన పెయింటు వాసన వస్తే అది లక్క కాదు, పైన పూసిన ఎనామిల్. తీర్థాల్లో, హైవే పక్కన అమ్మేవాటిలో అలాంటివి కలుస్తాయి. సహజ రంగుల్లో పసుపు ఎండకి వెలిసిపోతుంది. కిటికీ గట్టు మీద పెట్టకపోతే చాలు.

"బాబుకా, పాపకా?" అని అడిగితే "నాలుగేళ్లు" అని చెప్పండి. కొట్టువాడికి అసలు కావలసింది అదే. ఒక్కటి మాత్రం చేస్తారు, అబ్బాయని తెలిస్తే పిడతలు లోపల పెట్టి బొంగరాలు తీస్తారు. బొంగరాలూ బాగుంటాయి, అవీ అంకుడు కర్రవే, తీసుకోండి. పిడతల బదులు మాత్రం కాదు.

ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. ఆ పోయిన ఒకటిలో సగం తోమడం, కొయ్యడం లేనందుకు, సగం లక్క నాజూకుతనానికి. ఈ నాజూకుతనం తెలియకే చాలా సెట్లు నెల తిరక్కుండా పాడవుతాయి. లక్క వేడికి 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేణ్నీళ్లలో వేస్తే మెరుపు పోయి చేతికి అంటుతుంది. సబ్బు, సోడా కలిసిన నీళ్లకి తెల్లబారుతుంది. నీళ్లు ఎక్కువసేపు నిలిస్తే కర్ర ఉబ్బి లక్క చిట్లుతుంది. నీళ్లతో ఆడనివ్వొద్దన్నది ఇందుకే. అన్నిటికంటే పెద్ద శత్రువు శానిటైజర్. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది గనక, క్రిములు చస్తాయని శానిటైజర్‌తో తుడిస్తే రంగంతా గుడ్డకి వచ్చేస్తుంది. నకిలీ సరుకని అప్పుడు కొట్టువాడి మీద విరుచుకుపడతారు గానీ, నిజానికి అది అసలు లక్కేనన్న దానికి గుర్తు. తడిపి పిండిన నూలుగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడలో ఆరబెట్టాలి. ముందుగా తప్పిపోయేవి మూతలు, మంచం కిందా సోఫా కిందా వెతకండి. దొరక్కపోతే విడిముక్కలు కూడా అమ్ముతారు. పోయిన మూత కొలత కోసం గిన్నె వెంట తీసుకెళ్లండి, ఏ రెండు గిన్నెల మూతీ ఒకలా ఉండదు.